నెవాడాలో ఖాళీ పళ్ళాలు

జపాన్‌లో మా ససెబో రేవు ఊళ్ళో అమెరికా నౌకాదళం గేటు దగ్గర్నించి నడిచి వస్తే, పైకప్పు వేసిన బజారు వెనక సందులో, చేపల కొట్టుకీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్యన నెవాడా అనే పిజ్జా కొట్టు ఉంటుంది. పేరుకి అమెరికా. లోపల ఉండేది ఇవనాగా సదయుకి గారు. ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఊళ్ళో ఎవరూ లేరు. అందరికీ ఆయన మాస్టర్. ఆయన భార్య కూడా పదిమందిలో మాస్టర్ అనే అంటుంది.

మాస్టర్ పుట్టింది హిరాదో దీవి వైపు, చేపలు పట్టుకు బతికే ఇంట్లో. పడవెక్కితే కడుపులో తిప్పే పిల్లాణ్ణి సముద్రం మీదకేం పంపుతామని, బడి అయిపోగానే వాళ్ళ నాన్న తీసుకొచ్చి అమెరికావాళ్ళ వంటశాలలో గిన్నెలు తోమడానికి పెట్టాడట. అక్కడ ఒక లావాటి వంటాయన ఈయనకి పిండి పిసకడం నేర్పాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పిండి బాగా కుదిరితే ఆయన ఈయన వీపు మీద చరిచేవాడు, కుదరకపోతే పిండి మీద చరిచేవాడు. "నా వీపు మండిన రోజు మంచి రోజన్నమాట" అనేవారు మాస్టర్. ఆ వంటశాలలో పాతవని పారేయబోయిన ఇనప మూకుళ్ళు అడిగి తెచ్చుకుని, వాటితోనే ఈ కొట్టు పెట్టారు.

పిజ్జా అంటే ఇప్పుడు అప్పడంలా పల్చగా చేసేవాళ్ళు చాలామంది వచ్చారు. మాస్టర్ చేసేది అట్లా కాదు. రెండు వేళ్ళ మందం. అంచు కరకరమంటుంది, లోపల దూదిలా ఉంటుంది, చీజ్ మూకుడు పక్కలకి కారి నల్లగా మాడి అంటుకుంటుంది. ఆ మాడు కోసమే వచ్చేవాళ్ళున్నారు. బల్లల మీద ఎర్ర గళ్ళ ప్లాస్టిక్ గుడ్డ, గుడ్డ మీద ఎర్ర కారం రసం సీసా, గోడకి పాటలు రాని పాటల పెట్టె. పిల్లలకి ఐస్‌క్రీమ్ తేలే పచ్చ సోడా. సెలవు దొరికిన నావికులూ వస్తారు, ఓడలు కట్టేచోట పనిచేసే మావాళ్ళూ వస్తారు.

వడ్డించేది మిత్సుయోసాన్, మాస్టర్ భార్య; మా దగ్గర పేరు చివర సాన్ అంటే గారు అన్నట్టు. ఆవిడకి చీజ్ పడదు. పెళ్ళయిన కొత్తలో ఒక ముక్క తిని రెండు రోజులు పడుకుందట, మళ్ళీ నోట పెట్టలేదు. మధ్యాహ్నం జనం తగ్గాక వెనకవైపు నిలబడి ఉప్పు రేగుపండు పెట్టిన అన్నం ముద్ద తింటుంది. కువహరాసాన్ అని, ఓడల దగ్గర వెల్డింగు చేసి రిటైరయిన మనిషి, ఎప్పుడూ చివరి స్టూలు మీద కూచుంటాడు. ఆయన అంటుండేవాడు, "అక్కయ్యా, మంగలి పెళ్ళాం జుట్టు పెంచుకున్నట్టుంది నీ సంగతి."

"నా జుట్టు సంగతి నీకెందుకు, నీకున్న నాలుగు వెంట్రుకలు చూసుకో" అనేది ఆవిడ. రుచి చూడకుండా వంట ఎట్లా ఉందో నీకెట్లా తెలుసని అడిగితే పళ్ళెం ఎత్తి చూపించేది. "ఇదిగో, ఇట్లా తెలుస్తుంది."

పళ్ళెం అద్దంలా ఉండేది. మా దగ్గర పెట్టింది మిగల్చరు. మిగిలిస్తే వండినవాణ్ణి మొహం మీద తిట్టినట్టే. చిన్నప్పుడు మా అమ్మ గిన్నెకి అంటుకున్న మెతుకు కూడా వేలు చూపించి తినిపించేది. నచ్చకపోతే మళ్ళీ వెళ్ళం, అంతే. కానీ వెళ్ళి కూచున్నాక తినేస్తాం, తిని విందుగా ఉందని దణ్ణం పెట్టి లేస్తాం.

మా ఆయన తోమోజీ సిటీ బస్సు నడిపేవారు. గురువారం సెలవు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఇద్దరం నెవాడాకి వెళ్ళేవాళ్ళం. ఒకే మూకుట్లో సగం నాకు మొక్కజొన్న గింజలతో, సగం ఆయనకి ఉప్పుచేపతో. "అటు నీ పొలం, ఇటు నా సముద్రం" అనేవారు ఆయన. హద్దు దాటి నా గింజలు నాలుగు ఎత్తుకుపోయేవారు. నిరుడు చలికాలంలో ఆయన పోయారు. గుండె. నేను ఇంట్లో పటం ముందు అన్నం, టీ పెడుతున్నాను, అగరుబత్తి వెలిగిస్తున్నాను, గురువారం వస్తే కాళ్ళు వాటంతటవే నెవాడా వైపు నడుస్తున్నాయి. ఒక్కదాన్నే కదా, చిన్న పిజ్జా, మొక్కజొన్న మాత్రమే.

చెర్రీలు పూస్తున్న రోజుల్లో ఒక గురువారం, మా ఆయన మాసికం కూడా ఆ రోజే పడింది, మాస్టర్ స్వయంగా మూకుడు పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. పెద్ద మూకుడు. సగం మొక్కజొన్న, సగం ఉప్పుచేప. నేనది అడగలేదు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాసికం గుర్తుపెట్టుకుని ఆయన వాటా ఆయనకి పెట్టాడే ఈ మనిషి అనుకున్నాను. లేచి వంగి నమస్కారం చేశాను. మాస్టర్ కూడా నమస్కారం చేసి లోపలికి వెళ్ళారు. ఉప్పుచేప వైపు కాసేపు అట్లాగే ఉంచి, చనిపోయినవాళ్ళకి పెట్టింది తర్వాత మనం తింటాం కదా, అట్లా తిన్నాను. కొంచెం తియ్యగా అనిపించింది. ఏడుస్తూ తింటే నాలుకకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇంటికొచ్చి పటానికి చెప్పాను కూడా, ఇవాళ నీ సముద్రం నీకు వచ్చిందని.

మరుసటి గురువారం కూడా సగం సగమే వచ్చింది. ఆ మరుసటి వారమూ అంతే. ఇన్నిసార్లు ఎందుకు, మొహమాటంగా ఉందని నేను అందామనుకునేలోపు మాస్టర్ తెడ్డు చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డారు. ఎదురు కుర్చీ వంక చూసి, దొడ్డి వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"తోమోజీసాన్ చేతులు కడుక్కోడానికి వెళ్ళారా? చల్లారిపోతుంది, చెప్పండి."

నా వెన్ను మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. ఆయన మొహంలో వేళాకోళం లేదు. మామూలుగా అడిగారు, ఎన్నో ఏళ్ళుగా అడిగినట్టే.

"ఊఁ" అన్నాను నేను.

ఆ రోజు ఉప్పుచేప వైపు కొరికి చూశాను, శ్రద్ధగా. ఏడుపు కాదు. పంచదార. ఉప్పు పడాల్సిన చోట పంచదార పడింది. పైన చేప ఉప్పు, కింద టమాటా గుజ్జు పాయసంలా. తలెత్తి చూశాను. కువహరాసాన్ తన ముక్క మీద కారం సీసా వొంపుతున్నాడు, చుక్కలు చుక్కలుగా కాదు, ధారగా. కిటికీ పక్కన బ్యాంకు అమ్మాయిలిద్దరూ అంతే. వాళ్ళ బల్ల మీద సీసా అడుగంటింది. మిత్సుయోసాన్ కొత్త సీసా తెచ్చి పెట్టి, ఖాళీది వెలుతురుకి పట్టి చూసి, నా వైపు తిరిగి నవ్వింది.

"ఈ మధ్య అందరికీ కారం మీద మనసు పుట్టింది ఫుజియేసాన్. పెట్టెలకి పెట్టెలు తెప్పిస్తున్నాను."

బ్యాంకు అమ్మాయిలు ఖాళీ పళ్ళాలు ముందుకి జరిపి, విందుగా ఉందన్నారు. కువహరాసాన్ కూడా అన్నాడు. నేనూ అన్నాను.

ఆ తర్వాత నాకు గురువారం అంటే భయం పట్టుకుంది. వెళ్ళకుండానూ ఉండలేను. ఇంట్లో ఆయన పటం. శ్మశానంలో ఆయన పేరు చెక్కిన రాయి. బస్సు డిపోలో ఆయన చోట ఇంకొకతను. ఈ ఊరు మొత్తంలో తోమోజీ ఇంకా చేతులు కడుక్కోడానికి వెళ్ళి ఇప్పుడే రాబోతున్నట్టుండే చోటు అదొక్కటే. మాస్టర్ వచ్చి "ఇవాళ బస్సు ఆలస్యమా?" అంటారు. "అవును" అంటాను. అంతవరకూ ఒంట్లో వెచ్చగా ఉంటుంది. ఆయన వంటింట్లోకి తిరగ్గానే భయం వేస్తుంది. ఎందుకంటే వంటింటి కిటికీలోంచి నాకు అన్నీ కనిపిస్తాయి. ఒకరోజు మూకుడు పొయ్యిలో పెట్టి, పెట్టిన సంగతి మర్చిపోయి, ఇంకో మూకుడు పట్టుకుని అదే తలుపు తెరిచి, లోపల మాడుతున్నదాన్ని చూసి, ఇదెవరు పెట్టారన్నట్టు చుట్టూ చూశారు. ఇంకోరోజు ఎర్రగా కాలిన మూకుణ్ణి వట్టి చేత్తో పట్టుకోబోయి, ఆఖరి క్షణంలో ఆగారు. మిత్సుయోసాన్ ఎప్పుడూ మావైపు తిరిగి ఉంటుంది. వంటిల్లు ఆవిడ వీపు వెనక.

వానలు మొదలయ్యాయి. ఆ గురువారం మిత్సుయోసాన్ గొడుగు వేసుకుని బజారుకి వెళ్ళింది, కారం సీసాలకే. కొట్లో నేను, కువహరాసాన్. వాన చప్పుడు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది, పాము బుసలాంటిది, సన్నగా, ఆగకుండా. ముందు వానే అనుకున్నాను. తర్వాత వాసన వచ్చింది, ఉల్లిపాయ కుళ్ళినట్టు.

కువహరాసాన్ ముక్కు దిబ్బడేసి ఉంది, పొద్దుట్నించీ తుమ్ముతున్నాడు. తినడం అయిపోయి, సిగరెట్టు నోట్లో పెట్టుకుని, జేబులోంచి లైటర్ తీశాడు.

లేచి రెండంగల్లో వెళ్ళి ఆయన లైటర్ మీద నా అరచెయ్యి గట్టిగా వేసేశాను.

"ఏంటమ్మా?" అన్నాడు. అని నా మొహం చూశాడు. నోట్లో సిగరెట్టు అట్లాగే ఉంది. అప్పుడు ఆయనకీ వినపడింది.

వంటింట్లో మాస్టర్ పొయ్యి ముందు రెండు చేతులూ బల్లకి ఆనించి నిలబడి ఉన్నారు. గ్యాసు మీట పూర్తిగా తిప్పి ఉంది, మంట లేదు. ఎవరిదో పేరు గుర్తుతెచ్చుకుంటున్న మనిషిలా ఉన్నారు. కువహరాసాన్ లోపలికి వెళ్ళి మీట కట్టేశాడు. వెనక తలుపు, ముందు తలుపు రెండూ బార్లా తెరిచాడు.

"గాలికి ఆరినట్టుంది" అన్నారు మాస్టర్.

"అవును, గాలి బాగా ఉంది" అన్నాడు కువహరాసాన్. ఆ రోజు ఆకు కదిలే గాలి లేదు.

మిత్సుయోసాన్ సీసాల సంచితో వచ్చింది. "తలుపులన్నీ తెరిచారేం, జల్లు లోపలికి కొడుతుంటే?"

"ఉక్కగా ఉంటేనూ, అక్కయ్యా" అన్నాడు ఆయన.

నా వంక చూశాడు. నేను గుడ్డ మీది ఎర్ర గళ్ళ వంక చూశాను. ఆవిడ తలుపులు మూసింది.

ఇంటికొచ్చాక అగరుబత్తి వెలిగించాను. పటం ముందు కూచుని ఆయన్నే అడిగాను, ఏం చెయ్యమంటావని. ఆ మనిషి బతికుండగానే ఎదురు ప్రశ్నలు వేసే రకం, ఇప్పుడేం చెప్తాడు. ఆ కొట్టు పైనే మాస్టరూ మిత్సుయోసానూ పడుకుంటారు. పక్కన గడియారాల తాత. ఎండాకాలం సెలవులిస్తే కొట్టు నిండా పిల్లలు.

మరుసటి వారం జనం రాకముందే వెళ్ళాను. మిత్సుయోసాన్ వెనకవైపు క్యాబేజీ తరుగుతోంది. ఒక ఇల్లాలికి ఆమె మొగుడి లోటు చెప్పడం ఎట్లాగో నాకు తెలియదు, మావాళ్ళెవరికీ తెలియదు. అందుకని చుట్టూ తిప్పాను.

"మాస్టర్ బాగా అలిసిపోతున్నట్టున్నారు."

"వయసు కదా" అంది ఆవిడ.

"ఒకసారి డాక్టర్‌కి..."

కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది. "కాళ్ళు నెప్పులంటారు. అంతకంటే ఏం లేదు."

"పొయ్యి దగ్గర ఒక్కరే ఉంటారు కదా, కాస్త మీరు..."

"ఫుజియేసాన్" అంది, నవ్వుతూనే. "ఆయన చెయ్యి తప్పితే నాకు తెలియదా? రోజూ పళ్ళాలు కడిగేది నేను. అన్నీ ఖాళీగా వస్తున్నాయి. మునుపటికంటే ఖాళీగా వస్తున్నాయి. మీరు ఒక్కరే ఉండి ఏవేవో ఆలోచిస్తున్నారు. పాపం."

ఆ పాపం అన్న మాటకి తలూపి వెనుదిరిగాను. ఆవిడ తప్పు కాదు. ఆవిడకి సాక్ష్యం చెప్పేవి పళ్ళాలు. ఆ పళ్ళాల చేత అబద్ధాలాడించింది మేం.

ఇంక నోటితో చెప్పడం నా వల్ల కాదని తెలిసిపోయింది. వెళ్ళి నా బల్ల దగ్గర కూచున్నాను. జనం వచ్చారు. కువహరాసాన్ తన స్టూలెక్కాడు. ఒక తల్లి, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని పాటల పెట్టె పక్కన కూచుంది. మాస్టర్ పెద్ద మూకుడు తెచ్చి నా ముందు పెట్టారు, సగం పొలం, సగం సముద్రం.

"తోమోజీసాన్ వస్తున్నారా?"

"పెట్టండి, మాస్టర్" అన్నాను.

నేను ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. చీజ్ మెరుపు పోయి గట్టిపడింది. ఉప్పుచేపల మీద నూనె తెల్లగా పేరుకుంది. చుట్టుపక్కల తింటున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా వంక చూడటం మొదలుపెట్టారు, చూసి కళ్ళు దించుకున్నారు. బట్టలిప్పుకుని కూచున్నా అంత సిగ్గుగా ఉండేది కాదేమో. కువహరాసాన్ కారం సీసా చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

మిత్సుయోసాన్ పళ్ళాలు తీయడానికి వచ్చి ఆగిపోయింది.

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"డబ్బాలో కట్టి ఇవ్వనా? ఇంటికెళ్ళి తింటారు."

"వద్దు, మిత్సుయోసాన్."

"వద్దా?"

"వద్దు. ఇది తినలేను."

నేను చెంప మీద కొట్టినట్టే చూసింది. ఆ తర్వాత మెల్లిగా, చేతిలో పళ్ళాల దొంతర పక్క బల్ల మీద పెట్టి, నా ఎదురు కుర్చీలో కూచుంది. మా ఆయన కుర్చీలో. మూకుట్లోంచి ఒక మూల తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. లేచి, అడక్కుండా కువహరాసాన్ పళ్ళెంలోంచి ఇంకో ముక్క తుంచుకుంది, కారం అంటని చోట. అదీ నమిలింది.

"ఎప్పట్నించి?" అంది ఆయనతో.

"చెర్రీలు పూసినప్పట్నించి."

"నీకొక్కడికేనా?"

"ఎవరికి వాళ్ళం మాకొక్కళ్ళకే అనుకున్నాం అక్కయ్యా. తర్వాత తర్వాత తెలిసింది."

"మరి తిన్నారు."

ఆయన సీసా కింద పెట్టాడు. "మాస్టర్ పెట్టారు కదా" అన్నాడు.

వంటింట్లోంచి మాస్టర్ బయటికి వచ్చారు. చేతులు మోచేతుల దాకా పిండి. "ఏమయింది? తోమోజీసాన్ ఇంకా తినలేదా?"

నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. "మాస్టర్, తోమోజీ పోయారు. నిరుడు చలికాలంలో. మీరు వచ్చారు కూడా. నల్ల కోటు వేసుకొచ్చి నాతో మాట్లాడారు."

ఆయన వాదిస్తారనుకున్నాను. టోపీ తీశారు. పిండి చేతులు పక్కలకి ఆనించి, నడుం దాకా వంగారు. "నాకు తెలియలేదు. మీకు ఎంత కష్టం వచ్చింది. మాటలు రావడం లేదు" అన్నారు. అంత్యక్రియల రోజు అన్న మాటలే, అదే వరసలో. అంత బాధతోనూ. నేను రెండోసారి విధవనైనట్టు తలవంచి తీసుకున్నాను.

ఆయన భార్య వైపు తిరిగారు. ఆవిడ పెదాల మీద ఎర్ర గుజ్జు అట్లాగే ఉంది. ఆవిడ పిజ్జా తినడం ఆయన చూశారు. అప్పుడు ఆయన మొహంలో మొదటిసారి భయం చూశాను నేను.

"నా నాలుకకి ఏదో తేడాగానే ఉంది, మిత్సుయో" అన్నారు. "అడుగుదామనుకున్నాను. కానీ పళ్ళాలన్నీ ఖాళీగా వస్తుంటే, నాలుకదే తప్పనుకున్నాను."

ఆయన టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మిత్సుయోసాన్ ఆయన వెనకే వెళ్ళింది. పొయ్యి పక్కన, గ్యాసు గొట్టం గోడలోంచి వచ్చేచోట అసలు మీట ఉంటుంది. వంగి దాన్ని కట్టేసింది. ఆ కొట్లో ఎప్పుడూ ఒక చిన్న హోరు ఉండేది. అది ఆగిపోయాకే అది ఉండేదని తెలిసింది. చంటిపిల్ల తల్లి లేచి, తన పిజ్జా ఇంకా రాలేదని కూడా అడక్కుండా, పిల్లని భుజాన వేసుకుని తలవంచి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళూ వెళ్ళారు. కువహరాసాన్ తలుపు మీద బోర్డు తిప్పేసి, బయటికి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

వంటింట్లో చిటుకుమంది. మళ్ళీ చిటుకు. మాస్టర్ పొయ్యి అంటిస్తున్నారు.

"మిత్సుయో, అంటుకోవడం లేదే" అన్నారు మాస్టర్, మామూలు గొంతుతో, కాస్త విసుగ్గా. "గాలికి ఆరినట్టుంది. తోమోజీసాన్ వాళ్ళది కాస్త ఆలస్యమవుతుందని చెప్పు."

ఆవిడ గోడకి వీపు ఆనించి, ఆ మీట కనపడకుండా అడ్డంగా నిలబడి ఉంది. కిటికీలోంచి నన్ను చూసింది.

"చెప్తాను" అంది ఆయనతో. అక్కణ్ణించి కదల్లేదు.

చిటుకు, చిటుకు, చిటుకు.